నిలువు చెట్టు ధర
సరుకుల దారులు – 9వ భాగం

1962 అక్టోబరు 12. అమెరికా పసిఫిక్ తీరాన్ని తాకిన పెనుగాలి ఒక్క రాత్రిలో ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల కొండల రూపం మార్చేసింది. వందల ఏళ్ల నాటి డగ్లస్ ఫర్, హెమ్లాక్ చెట్లు వేళ్లతో సహా పెకిలి పడ్డాయి. కొలంబస్ దినం తుపానుగా చరిత్రకెక్కిన ఆ గాలికి కూలిన కలప 1,100 కోట్ల బోర్డు అడుగులకు పైనే ఉంటుందని అంచనా వేశారు.

పడిన చెట్టుకు గడువు తక్కువ. రెండు మూడేళ్లలో దుంగ కోసి తీయకపోతే పురుగు తొలుస్తుంది, బూజు పట్టి చెక్క పనికిరాకుండా పోతుంది. స్థానిక కోత మిల్లులు అంత కలపను ఆ గడువులో కోయలేవు. సముద్రానికి అవతల మాత్రం గిరాకీ సిద్ధంగా ఉంది. యుద్ధంలో కాలిపోయిన నగరాలను తిరిగి కట్టుకుని, 1964 ఒలింపిక్స్‌కు టోక్యోను తీర్చిదిద్దుకుంటున్న జపాన్‌కు ఎంత కలపైనా చాలడం లేదు. పడమటి తీరపు రేవుల్లో దుంగలు ఓడలకెక్కాయి. తుపాను కలప అయిపోయాక కూడా ఆ ఓడలు రావడం మానలేదు. ఆ తర్వాత అవి నిలబడి ఉన్న చెట్ల కోసం వచ్చాయి.

అదే కాలంలో అమెరికా ఉత్తర సరిహద్దులో ప్రవాహం ఎదురు దిశలో ఉంది. కెనడా మిల్లులు కోసిన పలకలు రైలు పెట్టెల నిండా అమెరికాకు దిగుమతి అవుతున్నాయి. దుంగలు అమ్ముతూ పలకలు కొనే దేశం ఒకటి, కొండల నిండా అడవి ఉండి కూడా దుంగలు కొనే దేశం ఇంకొకటి. మెత్తకలపను ప్రపంచంలో భారీగా దిగుమతి చేసుకున్న ఈ రెండు దేశాల దారులు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ఈ భాగంలో కథ.

అడవి ఉండగా దిగుమతి ఎందుకు

జపాన్ నేలలో మూడింట రెండు వంతులు అడవి. అమెరికాలో మూడో వంతు. రెండూ చెట్లు లేక కలప కొన్న దేశాలు కావు.

తెలుగు ఇళ్లలో కలప అంటే టేకు, మద్ది, వేప. ఒకప్పుడు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమహేంద్రవరానికి దింపిన దుంగలు కూడా గట్టి కలపే. ఇటుక గోడల ఇంట్లో ఆ కలప గుమ్మాలకు, తలుపులకు, మహా అయితే దూలాలకు సరిపోతుంది. అమెరికాలోను, జపాన్‌లోను విడి ఇల్లంటే చాలావరకు చెక్క చట్రమే. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు కొనుక్కునే ఇళ్లకు బయట ఇటుక కనిపించినా, లోపల గోడను, కప్పును మోసేవి సన్నటి చెక్క నిట్రాళ్లు. ఈ పనికి తేలికగా, నిటారుగా ఉండి మేకు దిగే కలప కావాలి. సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్, ఫర్, హెమ్లాక్, సీడార్ జాతుల నుంచి వచ్చే ఆ కలపే మెత్తకలప.

కొలతలు కూడా వేరు. అమెరికా బోర్డు అడుగుల్లో లెక్కిస్తుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు అడుగు. మన టింబర్ డిపోల్లో వాడే ఘనపుటడుగుకు పన్నెండు బోర్డు అడుగులు. జపాన్ ఘనపు మీటర్లలో లెక్కిస్తుంది. పైగా అమెరికాలో రెండు బై నాలుగు అని అమ్మే నిట్రాడు ఎండబెట్టి, చిత్రిక పట్టాక ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే ఉంటుంది. లెక్క మాత్రం పేరులోని కొలత మీదే. అందుకే రెండు దేశాల గణాంకాలను నేరుగా పక్కపక్కన పెడితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. ఒక్కో దేశపు వాడకంలో దిగుమతుల వాటాను ఒక గీతగా గీసి చూడటం మేలు.

సరస్సు అవతలి దుంగలు

అమెరికా దిగుమతుల తగాదా పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. 1854లో బ్రిటిష్ ఉత్తర అమెరికాతో కుదిరిన ఒప్పందం కలపతో సహా ప్రకృతి ఉత్పత్తులకు సుంకాలు ఎత్తేసింది. 1866లో అమెరికా దాన్ని రద్దు చేసుకుంది. ఆ శతాబ్దం చివరికి మిషిగన్ రాష్ట్రంలో తెల్ల పైన్ అడవులు కరిగిపోయాయి. అక్కడి మిల్లుల యజమానులు హ్యూరన్ సరస్సు అవతల కెనడాలోని ఒంటారియోలో చెట్లు కొట్టించి, దుంగలను నీటి మీద తేలించి తెచ్చుకుని కోసేవారు. కెనడాకు అడవి పోయింది, కూలి మాత్రం మిషిగన్‌లో మిగిలింది.

1897లో అమెరికా డింగ్లీ సుంకాల చట్టం తెచ్చింది. కోసిన పలకలకు వెయ్యి బోర్డు అడుగులకు రెండు డాలర్ల సుంకం పడింది. ఒంటారియో దానికి బదులిచ్చింది. ప్రభుత్వ భూముల్లో కొట్టిన పైన్ దుంగలను కెనడాలోనే కోయాలని 1898లో శాసనం చేసింది. దుంగ దొరకని మిషిగన్ మిల్లులు కొన్ని మూతబడ్డాయి, కొన్ని యంత్రాలతో సహా సరస్సు దాటి ఒంటారియో ఒడ్డుకు చేరాయి. ఆ తర్వాతి నూరేళ్ల తగాదాకు కావలసిన అంశాలన్నీ ఇక్కడే ఉన్నాయి: ప్రభుత్వం చేతిలోని అడవి, సరిహద్దు మీద సుంకం, దుంగ కోసే పని ఎవరికి దక్కాలన్న పట్టుదల.

మహామాంద్యం రాగానే సుంకాలు మళ్లీ పెరిగాయి. 1930 నాటి స్మూట్–హాలీ చట్టం వెయ్యి బోర్డు అడుగులకు ఒక డాలరు వేస్తే, 1932లో దానిపైన మరో మూడు డాలర్ల పన్ను పడింది. 1935లో రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరాకే ఆ భారం తగ్గడం మొదలైంది.

స్టంపేజ్ అనే చిక్కుముడి

కెనడాలో తొంభై శాతానికి పైగా అడవి ప్రజల ఆస్తి, పెత్తనం ఎక్కువగా ప్రావిన్సు ప్రభుత్వాలది. బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 95 శాతం ప్రావిన్సుదే. దీర్ఘకాలపు లైసెన్సున్న కంపెనీ చెట్టు కొట్టి, ప్రభుత్వం నిర్ణయించిన ధర కడుతుంది. నిలబడి ఉన్న చెట్టుకు కట్టే ఈ ధరనే స్టంపేజ్ అంటారు. అమెరికాలో కలప చాలావరకు ప్రైవేటు భూముల నుంచి వస్తుంది. ప్రభుత్వ అడవిలో చెట్లనైతే వేలం వేస్తారు. ప్రభుత్వం నిర్ణయించే ధర వేలం ధర కంటే తక్కువ కాబట్టి అది సబ్సిడీయేనని అమెరికా మిల్లుల వాదన. తమ అడవులు దూరం, కొండలు ఎత్తు, రోడ్లు వేసే ఖర్చూ మొక్కలు నాటే ఖర్చూ కంపెనీలవేనని కెనడా జవాబు.

1975లో అమెరికా వాడిన మెత్తకలపలో కెనడా వాటా ఐదో వంతు లోపే. పదేళ్లు తిరిగేసరికి మూడో వంతుకు చేరింది. కెనడా డాలరు బలహీనపడటం, బ్రిటిష్ కొలంబియా లోపలి ప్రాంతాల్లో కొత్త మిల్లులు వేగంగా కోయడం ఇందుకు తోడ్పడ్డాయి. 1982లో అమెరికా మిల్లుల సంఘం తొలి ఫిర్యాదు చేసింది. స్టంపేజ్ ఏ ఒక్క పరిశ్రమకో ప్రత్యేకంగా ఇచ్చే రాయితీ కాదని 1983లో అమెరికా వాణిజ్య శాఖే దాన్ని తోసిపుచ్చింది. 1986లో రెండో ఫిర్యాదు వచ్చింది. ఈసారి అదే శాఖ 15 శాతం రాయితీ ఉందని ప్రాథమికంగా తేల్చింది. ఆ డబ్బు అమెరికా ఖజానాకు పోవడమెందుకని, 1986 డిసెంబరు 30న కుదిరిన అవగాహనతో కెనడా తన ఎగుమతుల మీద తానే 15 శాతం పన్ను వేసుకుంది.

ఆ పన్ను పనిచేసింది. దానికి తోడు కెనడా డాలరు కూడా బలపడింది. 1990 నాటికి వాటా పావు వంతు చుట్టూ దిగింది. 1991లో కెనడా ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చింది. మూడో కేసులో 1992లో పడ్డ 6.51 శాతం సుంకం ఉమ్మడి వాణిజ్య ప్యానెళ్ల ముందు నిలవలేదు. 1994లో అమెరికా వసూళ్లు తిరిగి ఇచ్చేసింది.

ఈలోగా దిగుమతుల గీతను పైకి లాగే బలం అడవిలోనే పుట్టింది. 1990లో మచ్చల గుడ్లగూబను అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. అది బతకడానికి వాయవ్య రాష్ట్రాల ముదురు అడవులు కావాలి. 1991లో ఫెడరల్ న్యాయమూర్తి విలియం డ్వయర్ ఆ అడవుల్లో కలప అమ్మకాలను నిలిపేశారు. 1994 నాటి వాయవ్య అటవీ ప్రణాళికతో అక్కడి ఫెడరల్ భూముల్లో నరికివేత పాత స్థాయిలో ఒక చిన్న భాగానికి పడిపోయింది. అమెరికాలో ఇళ్లు కట్టడం మాత్రం ఆగలేదు. లోటును కెనడా పూడ్చింది. 1996 నాటికి వాటా మూడో వంతు దాటింది.

ఆ ఏడాది కుదిరిన ఒప్పందం నాలుగు ప్రావిన్సులకు ఏటా 1,470 కోట్ల బోర్డు అడుగుల కోటా పెట్టింది. దాటితే మొదటి 65 కోట్ల బోర్డు అడుగుల మీద వెయ్యికి 50 డాలర్లు, ఆపైన 100 డాలర్లు రుసుము. కొందరు ఎగుమతిదారులు కరెంటు తీగలకని నిట్రాళ్లకు ముందే రంధ్రాలు చేసి, అవి పలకలు కావు, వడ్రంగి సామాను అని పంపారు. 1998లో అమెరికా కస్టమ్స్ వాటిని తిరిగి పలకల కిందికే చేర్చింది.

2001లో ఒప్పందం ముగిసిన వెంటనే నాలుగో కేసు. 2002లో సబ్సిడీ సుంకం, డంపింగ్ సుంకం కలిపి సగటున 27 శాతం పడింది. అయినా గీత కిందికి రాలేదు. 2005లో అమెరికాలో 20 లక్షలకు పైగా ఇళ్ల నిర్మాణం మొదలైంది. కెనడా నుంచి 2,000 కోట్ల బోర్డు అడుగులకు పైగా కలప సుంకం కట్టి మరీ వచ్చింది. 2006 ఒప్పందం కుదిరేనాటికి సుంకాలుగా జమైన 500 కోట్ల డాలర్లకు పైగా సొమ్ములో దాదాపు 400 కోట్లు కెనడా కంపెనీలకు తిరిగి చేరాయి, సుమారు 100 కోట్లు అమెరికాలో ఉండిపోయాయి.

గేటు తెరిచిన దేశం

జపాన్ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది.

యుద్ధకాలంలో జపాన్ కొండలు బోడిగా మిగిలాయి. 1950, 60లలో ప్రభుత్వం సుగి అనే సీడార్‌ను, హినోకి అనే సైప్రస్‌ను కోట్ల సంఖ్యలో నాటించింది. నాటిన అడవి చివరికి దాదాపు కోటి హెక్టార్లు, దేశపు అడవిలో 40 శాతం అయింది. అయితే సుగి చేతికి రావడానికి నలభై, యాభై ఏళ్లు పడుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు అంతకాలం ఆగలేరు. కలప ధరలు మండిపోతుంటే ప్రభుత్వం దిగుమతుల మీద ఆంక్షలు దశలవారీగా ఎత్తేసింది. 1964 నాటికి కలప వ్యాపారం తెరుచుకుంది. తుపాను కూల్చిన డగ్లస్ ఫర్ వచ్చింది సరిగ్గా ఆ సమయానికే.

1973లో జపాన్‌లో 19 లక్షల ఇళ్ల నిర్మాణం మొదలైంది. అమెరికా జనాభాలో సగం ఉన్న దేశానికి ఇది మామూలు సంఖ్య కాదు. అమెరికా వాయవ్యంలో మిల్లు కార్మికులకు దుంగల ఓడలు కంటగింపయ్యాయి. ఆరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్ తెచ్చిన సవరణ 1968లో పడమటి ఫెడరల్ భూముల నుంచి దుంగల ఎగుమతిని ఏటా 35 కోట్ల బోర్డు అడుగులకు కట్టడి చేసింది. ఆ కట్టడి తర్వాత నిషేధంగా మారింది; 1990 చట్టం ఫెడరల్ భూముల మీద దాన్ని శాశ్వతం చేసి, రాష్ట్రాల భూములకూ ఆంక్షలు విస్తరించింది. నూరేళ్ల కిందట ఒంటారియో చేసిన పనినే ఇప్పుడు అమెరికా చేసింది.

జపాన్ గేటు కూడా పూర్తిగా బార్లా తెరిచినది కాదు. హెమ్లాక్, డగ్లస్ ఫర్ పలకలకు సుంకం లేదు కానీ, కెనడా లోపలి ప్రాంతాల స్ప్రూస్–పైన్–ఫర్ పలకల మీద 8 శాతం ఉండేది. ఒకే పనికి వాడే చెక్కల మధ్య ఈ తేడా ఎందుకని కెనడా గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు వేదికకు వెళ్లింది. 1989లో తీర్పు జపాన్‌కు అనుకూలంగా వచ్చింది. అదే ఏడాది అమెరికా తన ఎగుమతులకు అడ్డుపడే పద్ధతులను గుర్తించే సూపర్ 301 జాబితాలో జపాన్ అటవీ ఉత్పత్తులను చేర్చి ఒత్తిడి పెట్టింది. 1990లో ఒప్పందం కుదిరింది.

గేటు తెరిచినందుకు జపాన్ రైతు చెల్లించిన ధర పెద్దది. సుగి నిలువు చెట్టు ధర 1980లో ఘనపు మీటరుకు 22,000 యెన్లు దాటి శిఖరానికి చేరింది. యెన్ బలపడి దిగుమతులు చౌక కావడంతో మూడు దశాబ్దాల్లో అది ఎనిమిదో వంతుకు పడిపోయింది. తాత నాటిన చెట్టును మనవడు కొట్టించి అమ్మితే, తిరిగి మొక్కలు నాటే ఖర్చు కూడా రాని స్థితి. కొండ ఊళ్లు ఖాళీ అయ్యాయి. సన్నం చేయని తోటలు చీకటి అడవులయ్యాయి. 1960లలో నిక్కో ప్రాంతంలో వైద్యులు గుర్తించిన సుగి పుప్పొడి జబ్బు దేశమంతా వ్యాపించి, ప్రతి వసంతంలో కోట్లమందిని తుమ్ములతో, నీరు కారే కళ్లతో వేధిస్తోంది. కలప వాడకంలో స్వదేశీ వాటా 1955లో తొంభై శాతానికి పైన ఉండేది. కాగితపు గుజ్జుతో సహా అన్నీ కలిపి 2002లో అది 18.8 శాతానికి దిగింది. ఆ సంఖ్యను కనిష్ఠ స్థాయిగా జపాన్ అటవీ నివేదికలు నేటికీ ఉదహరిస్తాయి.

ఇల్లు కట్టే తీరు మారినప్పుడల్లా అమ్మే దేశం మారింది. 1974లో ఉత్తర అమెరికా తరహా రెండు బై నాలుగు నిర్మాణానికి జపాన్ అనుమతి ఇవ్వగానే కెనడా నిట్రాళ్లకు దారి దొరికింది. 1995 జనవరి 17న కోబే భూకంపంలో పాత స్తంభాల ఇళ్లు బరువైన పెంకు కప్పులతో కూలి వేలమంది చనిపోగా, ఈ కొత్త తరహా ఇళ్లు చాలావరకు నిలిచాయి, గిరాకీ పెరిగింది. 2000లో ఇంటి చట్రానికి పదేళ్ల హామీ ఇవ్వాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. వంకర పోయే పచ్చి చెక్క అంటే బిల్డర్లకు భయం పట్టుకుంది. తీరప్రాంత బ్రిటిష్ కొలంబియా పంపే పచ్చి హెమ్లాక్ స్థానంలోకి ఫిన్లాండ్, స్వీడన్, ఆస్ట్రియాల ఎండబెట్టి అతికించిన చెక్క వచ్చింది. ఈ మార్పులో సుంకం పాత్ర ఏమీ లేదు.

రెండు గీతలు కలిసిన చోట

2009లో అమెరికాలో గృహరంగం కుప్పకూలి 5.54 లక్షల ఇళ్లే మొదలయ్యాయి. అదే ఏడాది జపాన్ కూడా మాంద్యంలోనే ఉంది, అయినా అక్కడ 7.88 లక్షల ఇళ్లు మొదలయ్యాయి. అమెరికా దిగుమతులు 2005 నాటి స్థాయిలో సగం కన్నా కిందికి పడ్డాయి. ఏ సుంకమూ సాధించనిది అప్పుల సంక్షోభం సాధించింది.

2021 మే నెలలో పరిస్థితి తలకిందులైంది. కోవిడ్ కాలంలో అమెరికన్లు ఇళ్ల కోసం ఎగబడటంతో వెయ్యి బోర్డు అడుగుల ఫ్యూచర్స్ ధర 1,600 డాలర్లు దాటింది. ఒక్కో కొత్త ఇంటి మీద దాదాపు 36,000 డాలర్ల అదనపు భారం పడిందని అమెరికా గృహనిర్మాతల సంఘం లెక్కగట్టింది. ఎక్కువ ధర ఉన్నచోటికే ఐరోపా కలప తరలిపోయింది. టోక్యో బిల్డర్లకు దూలాలు దొరకలేదు. జపాన్ పత్రికలు దీన్ని వుడ్ షాక్ అన్నాయి.

అప్పటికే జపాన్ గీత వెనక్కి తిరిగి చాలాకాలమైంది. 2007 నుంచి రష్యా దుంగల ఎగుమతి పన్ను పెంచుతూ పోవడంతో ప్లైవుడ్ మిల్లులు స్వదేశీ సుగి వైపు మళ్లాయి. 1950, 60లలో నాటిన చెట్లు కోతకు వచ్చాయి. 2010లో ప్రభుత్వ భవనాల్లో కలప వాడకాన్ని ప్రోత్సహించే చట్టం వచ్చింది. 2020లో స్వదేశీ వాటా 40 శాతం దాటింది. పుప్పొడి బాధ తగ్గించడానికి సుగి తోటల్ని పదేళ్లలో 20 శాతం తగ్గించాలని 2023లో ప్రధాని కిషిదా ప్రభుత్వం ప్రకటించింది. ఆ చెట్లూ కలపగా బజారుకు రావాల్సిందే.

అమెరికా మాత్రం గేటు దగ్గరే ఉంది. 2015లో 2006 నాటి ఒప్పందం ముగిసింది, 2017లో ఐదో విడత సుంకాలు మొదలయ్యాయి. ఏటా సమీక్షల్లో అవి సుమారు 8 నుంచి 20 శాతం మధ్య ఊగి, 2025 ఆగస్టులో 35 శాతం దాటాయి. అక్టోబరు 14 నుంచి జాతీయ భద్రత పేరిట మరో 10 శాతం చేరి మొత్తం 45 శాతమైంది. కెనడా వాటా నేడు పావు వంతు చుట్టూ ఉంది. అయితే ఆ తగ్గుదలంతా సుంకానిదే అనడానికి లేదు. చలి తగ్గిన శీతాకాలాల్లో పెచ్చరిల్లిన పైన్ పురుగు బ్రిటిష్ కొలంబియాలో అమ్మదగిన లాడ్జ్‌పోల్ పైన్‌లో సగానికి పైగా చంపేసింది; ఆపైన కార్చిచ్చులు వచ్చాయి; కోయడానికి చెట్టు లేక మిల్లులు మూతబడ్డాయి. అక్కడి పెద్ద కంపెనీలు అప్పటికే అమెరికా దక్షిణాదిలో మిల్లులు కొనేశాయి. వెస్ట్ ఫ్రేజర్ ఒక్కటే 2007లో ఇంటర్నేషనల్ పేపర్ నుంచి పదమూడు కోత మిల్లులు తీసుకుంది. సుంకంతో లాభపడే అమెరికా మిల్లుకూ, సుంకం కట్టే కెనడా మిల్లుకూ యజమాని ఒకరే అయిన సందర్భాలు ఇప్పుడు ఉన్నాయి. భారం మోసేది మాత్రం ఇల్లు కొనుక్కునే కుటుంబం, మిల్లు మూతబడ్డ ఊరు.

జపాన్, అమెరికాల తర్వాత ఈ కథలోకి ఇంకా పెద్ద కొనుగోలుదారు వచ్చింది. 1998లో యాంగ్త్సీ నది వరదల తర్వాత సహజ అడవుల్లో గొడ్డలి ఆపిన చైనా, తన కలప కోసం రష్యా, న్యూజిలాండ్, కెనడాల వైపు తిరిగింది. వచ్చే భాగం ఆ కథతో మొదలవుతుంది.